నవ్వే అక్షరం, మిల్లు పడుగు

మా బావ ఆ రోజు నా దుకాణానికి ఖాళీ ఆవకాయ సీసా పట్టుకుని వచ్చాడు. లోపల కడిగించాడు గాని, పైన అంటించిన కాగితం తడవకుండా జాగ్రత్త పడ్డాడు. సీసాను నా బల్ల మీద పెట్టి, కాగితం మీది అక్షరాల్ని వేలితో తట్టాడు.

"ఈ అచ్చరమే కావాల నాకు. ఇలగే ఉండాల. సూడగానే మనింటి ఆడమనిషి అన్నానికి పిలిసినట్టున్నాది."

"ఆవకాయ అమ్ముతావేటి?" అన్నాను.

"గుడ్డలోడు ఆవకాయ అమ్ముతాడేటిరా? లేబులుకి. ఆ అచ్చరం నీ కంప్యూటర్లో ఉన్నాదా, నేదా?"

ఉంది. ఉన్నట్టు చెప్పడానికి మాత్రం కాసేపు తటపటాయించాను.

మా బావ అంటే మా మేనమామ కొడుకు, నాకంటే పెద్దవాడు. విజయనగరంలో అతనిది బట్టల కొట్టు. నాది అదే ఊళ్లో పేజీలు కట్టే దుకాణం. పెళ్లికార్డులు, కరపత్రాలు, బడి వార్షికోత్సవ సంచికలు, రిటైరయిన మాస్టార్ల కవిత్వం, అన్నీ అచ్చుకి వెళ్లేముందు నా దగ్గర పేజీలుగా మారతాయి. ఈ పని నాకెవరూ నేర్పలేదు. నేను అక్షరాన్ని అందంతో కాక కొలతతో నేర్చుకున్నాను. ఏ ఫాంటు వరసకి ఎన్ని అక్షరాలు పట్టిస్తుంది, ఒత్తులు కింది వరస నెత్తిన పడకుండా మధ్యలో ఎంత జాగా వదలాలి, చేతిరాత కట్ట ఎన్ని పేజీలకు తేలుతుంది, ఇవన్నీ స్కేలు పెట్టి కొలిచి, చిత్తు కాగితాల మీద వేసుకుంటూ నాకు నేనే లెక్కలు కట్టుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి, అక్షరం తనని చూసి నవ్వితే మొదట కలిగేది అనుమానమే.

ఆ అక్షరం నవ్వుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో అక్షరాలకు అడుగున చిన్న కాళ్లుంటాయి కదా, వాటితో చేసిన పేజీ ఇస్త్రీ చేసిన పంచెలా ఉంటుంది. ఆ కాళ్ల అంచుల్ని కాస్త గుండ్రం చేసి, గీతలో లావు సన్నాల తేడా తగ్గించి, మూలల్లో సిరా కొంచెం ఊరినట్టు చేస్తే అదే పేజీ మెత్తబడుతుంది. మన తెలుగుకి కాళ్లు లేవు. అయినా ఈ ఫాంటు చేసినవాళ్లెవరో ఆ మెత్తదనాన్ని తెలుగులోకి తెచ్చారు. తలకట్టు చివర కలం ఎత్తుతున్నప్పుడు మిగిలే పలచదనం ఉంది. 'ల' కడుపు, 'మ' కడుపు విశాలంగా ఉండి గాలి ఆడుతున్నట్టుంటాయి. గీత మలుపు తిరిగే చోట కొద్దిగా బలుస్తుంది, నీరు పీల్చిన దారంలా. ఒత్తులు కిందికి వేలాడకుండా తల్లి అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. పెద్దగా వేస్తే ఆదరంగా కనిపిస్తుంది, చిన్నగా వేసినా కళ్లు చికిలించక్కర్లేదు. పుస్తకం లోపలి పేజీలకు ఇంత హాయైన అక్షరం నేను తక్కువ చూశాను. అది ఒప్పుకోవాలి.

కానీ పుస్తకాలవాళ్లు దాన్ని అడగరు. ఎక్కువ పేజీలు మింగుతుందని నేనే చెబుతాను, వాళ్లు వద్దంటారు. అడిగేవాళ్లు వేరే. పంటచేలను ప్లాట్లు చేసి అమ్మేవాళ్లు అడుగుతారు. 'మీ కుటుంబం మా కుటుంబం' అని రాయించుకునే ఆసుపత్రులవాళ్లు అడుగుతారు. పామాయిల్లో వేయించి 'అమ్మమ్మ చేతి జంతికలు' అని సంచీ మీద వేయించేవాళ్లు అడుగుతారు. కొన్నాళ్లకి నాకొక అలవాటు పడిపోయింది. ఎవరైనా ఆ అక్షరం కావాలంటే, కాగితం వెనక వైపు ఏం వేయమంటారా అని ఎదురు చూసేవాణ్ణి. ముందు వైపు ఈ వెచ్చని అక్షరం పెద్దగా, వెనక షరతులు గుండుసూది మొనలంత సన్నంగా. దాదాపు ప్రతిసారీ అంతే.

బావ లేబులుకి వెనక వైపు ఏమీ లేదు. అది చూసి మరింత అనుమానపడ్డాను.

అతను కాగితం ముక్క మీద రాసుకొచ్చిన మాటలు ఇవి: 'అప్ప చేతి నూలు'. దాని కింద, 'పొందూరు రాట్నం మీద వడికినది'. దాని కింద, 'తరతరాల ఆప్యాయత'. పక్కన ఒక చెయ్యి బొమ్మ, వేళ్ల మధ్య దారం. ఫోన్లో తీసిన ఫోటో చూపించి దాన్ని గీత బొమ్మగా మార్చమన్నాడు. ఆ చెయ్యి ఎవరిదో ఫోటో తెరవగానే తెలిసిపోయింది. చూపుడు వేలి పక్కన దారం కోసి కోసి పడిన గీత, మణికట్టు మీద పచ్చబొట్టు. మా అప్పది. నా తోడబుట్టిన అక్క.

"అప్ప ఒప్పుకున్నాదా?" అన్నాను.

"ఒప్పుకోకుండా సెయ్యి సాపుతాదేటిరా? సిలప సూసి బాగున్నాది అనీసినాది. అప్ప బాగున్నాది అన్నాక ఇంకేటి కావాల?"

నిజమే, ఆ మాట అయ్యాక ఇంకేమీ అక్కర్లేదు. మా అప్పను పొందూరిచ్చాం. అత్తగారి దగ్గర ఒంటి కదురు రాట్నం నేర్చుకుంది. ఆ వీధిలో ఆడవాళ్లు వడికిన నూలు చుట్టను చిలప అంటారు. చిలపను ఖాదీ సంఘానికి తీసుకెళ్లే ముందు అందరూ ఆమె అరుగు మీదికొస్తారు. ఆమె ఒక పోగు లాగి కింది పెదవి మీద మెల్లగా జారిస్తుంది. వేలికి తెలియని గరుకు పెదవికి తెలుస్తుందట. బాగుంటే తల ఊపుతుంది, లేకపోతే చిలప వెనక్కి ఇస్తుంది. వెనక్కి ఇచ్చాక ఎవరూ వాదించరు, ఇంటికి పోయి మళ్లీ వడుకుతారు. ఆమెకు ఊళ్లో ఉన్నదంతా ఆ మాటే. ఆ చెయ్యి ఒక తప్పుడు గుడ్డ మీద అచ్చయితే, మరునాటి నుంచి ఆ అరుగెక్కేవాళ్లు ఉండరు. బావకి ఇది తెలుసు. తెలిసే ఆ చెయ్యి అడిగాడు.

"రంగు కలవాల కదా" అని బావ ఒక గుడ్డ ముక్క వదిలి వెళ్లాడు. తెల్లగా, చేతికి మెత్తగా ఉంది. అక్కడక్కడా దారం కొంచెం లావుగా, మళ్లీ సన్నగా. చేతి నూలు ఇలాగే ఉంటుంది. నాకు గుడ్డ సంగతి తెలియదు కాబట్టి పక్కన పెట్టి అక్షరాలతో మొదలుపెట్టాను.

లేబులు మాటల్ని కంప్యూటర్లో బాగా పెద్దవి చేశాను. ఇది నా పాత అలవాటు. వెచ్చదనం ఎక్కడుందో వెతుకుతాను. 'చేతి'లో 'త' మలుపు దగ్గర చిన్న వణుకు ఉంది, కలం పట్టిన చెయ్యి ఒక క్షణం ఆగినట్టు. బాగుంది. 'తరతరాల'లో మొదటి 'త' దగ్గరా అదే వణుకు. రెండో 'త' దగ్గరా అదే. స్కేలు పెట్టాను. అక్కడే, అంతే, వెంట్రుకవాసి తేడా లేదు. ఫాంటు అంటే అంతే కదా, ఒకే 'త' మళ్లీ మళ్లీ వస్తుంది. సీసం అక్షరాల కాలంలోనూ అదే వచ్చేది, కాకపోతే సిరా ఒకసారి ఎక్కువ అంటేది, ఒకసారి తక్కువ. ఇక్కడ వణుకును కూడా తయారు చేసి, అచ్చుపోసి పెట్టారు. నిజమైన చెయ్యి ఒకే చోట రెండుసార్లు వణకదు.

ఆ మాట మనసులో అనుకున్నాక నా కళ్లు గుడ్డ ముక్క మీదికి వెళ్లాయి.

స్కేలు చేతిలోనే ఉంది. గుడ్డను తెల్ల కాగితం మీద పరిచి, దీపం దగ్గరగా లాగి, అడ్డంగా వెళ్లే ఒక పోగు పట్టుకున్నాను. అడ్డం పోగును పేక అంటారు. దాని మీద లావుగా ఉన్న చోటల్లా పెన్సిలుతో చుక్క పెట్టి దూరాలు రాసుకున్నాను. ఒకదానికొకటి పొంతన లేదు. అప్పుడు నిలువు పోగు పట్టుకున్నాను. దాన్ని పడుగు అంటారు. చుక్కలు పెట్టాను. దగ్గర, దూరం, దూరం, మరీ దగ్గర. ఆ తర్వాత మళ్లీ దగ్గర, దూరం, దూరం, మరీ దగ్గర. పక్క పోగు చూశాను. అదే వరస, కాస్త కిందికి జరిగి. ఇంకో నాలుగు పోగులు చూశాను. గుడ్డ అంచు అయిపోయేదాకా అదే పాట.

ఎక్కడో ఒక మిల్లు చేతి నూలులా కనిపించేలా దారాన్ని కొలత ప్రకారం లావు చేస్తోంది. బావ దాన్ని నిలువున వేయించి, మా అప్ప వాళ్ల నూలును అడ్డంగా నేయించాడు.

ఫోన్ చేసి అడగలేదు. అడిగితే బావ దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది, ఆ జవాబు కూడా మెత్తగానే ఉంటుంది. "లేబులు అయ్యింది, ఆదివారం అప్పకి సూపిద్దాం, నువ్వూ రా" అన్నాను. పొద్దున్న ప్యాసింజర్లో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని వెళ్లాం. చీపురుపల్లి దాటేదాకా అతను గిరాకీ గురించి చెబుతూనే ఉన్నాడు. గుడ్డ ఎక్కడ నేయించావని ఒక్కసారి అడిగాను. "మనోల దగ్గరే" అన్నాడు, కిటికీలోంచి చూస్తూ.

అప్ప అరుగు మీద కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకుతోంది. ఆ ఎముక పళ్లు దువ్వెనలా పనిచేస్తాయి. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఇద్దరూ ఒక్క బండిలో దిగినారంటే ఏటో ఉన్నాది. టీ తాగుతారా, ముందు కొట్టుకుంటారా?"

"లేబులు సూడమ్మా ముందు" అన్నాడు బావ.

నేను అచ్చు నమూనా ఆమె ముందు పెట్టాను. అప్ప చదువు బడిలో మొదటి తరగతుల దగ్గరే ఆగిపోయింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. ఆ రోజు మాత్రం పెద్దగా తడుముకోకుండానే చదివింది. "ఈ అచ్చరం బాగున్నాదిరా తమ్ముడూ. కళ్లకి అడ్డం పడట్లేదు. ఆధారు కార్డు మీద అచ్చరాలు సీమల్లాగ పారిపోతాయి, ఇయ్యి కూకుని ఉన్నాయి."

"నాను సెప్పలేదేటి!" అన్నాడు బావ నా వైపు తిరిగి.

నేను గుడ్డ ముక్క తీసి నమూనా పక్కన పెట్టాను. అప్ప ముట్టుకోలేదు.

"ఇదేటి?"

"బావ అమ్మబోయే గుడ్డ. నువ్వు సూసినావా?"

"గుడ్డ నానెందుకు సూస్తాను? నాను సిలప సూసినాను. గుడ్డ మగ్గమోల సంగతి."

అక్కడ తెలిసింది నాకు జరిగిందేమిటో. వడికే ఆడవాళ్లు నూలు చూస్తారు గాని, మగ్గం దిగిన గుడ్డ జోలికి పోరు. అది నేతగాళ్ల మర్యాద. నూలుకి తల ఊపితే గుడ్డకీ ఊపినట్టేనని అందరూ అనుకుంటారు, ఎందుకంటే ఇక్కడ నిలువుకీ అడ్డానికీ ఒకే నూలు. ఇంకోలా ఉంటుందని ఎవరికీ తోచదు. బావ చూపించిన చిలప మంచిదే. ఆమె మంచిదనే చెప్పింది. ఆ సందులోంచి అతను దూరాడు.

అంచు నుంచి ఒక నిలువు పోగు లాగి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని పెదవి మీద జార్చింది. ఆగింది. మళ్లీ జార్చింది. తర్వాత తనే ఒక అడ్డం పోగు లాగి జార్చింది.

"ఇది మాది" అంది. మొదటి పోగు ఎత్తి పట్టుకుని, "ఇదేటి బావా?"

బావ చేప దవడను చేతిలోకి తీసుకుని ఎప్పుడూ చూడనట్టు తిప్పి చూస్తున్నాడు.

"నిన్నే. ఆ సేప నీకు జవాబు సెప్పదు."

"సేతి పడుగు తెగిపోతన్నాదంట. గుడ్డ బేగి దిగట్లేదంట. మగ్గమోడు అన్నాడు, నాననలేదు. పేక మీ నూలే కదేటి? సగం నిజమే కదా!"

"సగం గుడ్డ కట్టుకుని బజారుకెల్తావేటి బావా?"

ఎదురింటి అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. బావ చెవులు ఎర్రబడ్డాయి. "సరే, ఏటి సెయ్యమంటావు? నేసిన గుడ్డ ఇంట్లో ఉన్నాది. తగలెట్టమంటావా?"

"గుడ్డ తప్పేటి సేసింది? అమ్ము. ఏది ఏటో రాసి అమ్ము. లేకపోతే నా సెయ్యి తీసీ."

"మిల్లు అని రాస్తే ఎవులు కొంటారే అమ్మా!"

"అయితే సెయ్యి తీసీ."

చెయ్యి తీసేస్తే ఆ లేబులులో మిగిలేది ఆవకాయ సీసా మీది అక్షరం మాత్రమే. అది బావకీ తెలుసు. కాసేపు గడ్డం గోక్కుని, నా దగ్గరగా జరిగాడు. "సరే, రాద్దాం. ఎనకాల ఏసీ. నీ దగ్గర సన్నటి అచ్చరాలుంటాయి కదా, అలాటిది."

వెనక వైపు వచ్చింది. నేను మొదటి రోజు నుంచీ ఎదురు చూస్తున్న వెనక వైపు. నేను నోరు తెరిచేలోపే అప్ప నమూనా కాగితాన్ని తిరగేసి ఖాళీ వైపు చూసింది.

"ఇటేపెవరు సూస్తారు? ముందేపే రాయి. ఈ అచ్చరమే, ఇంతే పెద్దది. కూకునే అచ్చరం. నాలాటిది సదవాల."

బావ మొహం ఒక్కసారిగా తేటపడింది. "పట్టదు! ఈడినడుగు. ఈడు లెక్కలో అబద్దం సెప్పడు. ఒరే, అంత అచ్చరం ఇంకో వరస పడతాదా?"

నేను అక్కడే కాగితం తీసి లెక్క వేశాను. ఈ ఫాంటు వెడల్పు మనిషి, సర్దుకోమంటే సర్దుకోదు. అట్టముక్క కొలత తెలిసిందే, అచ్చాఫీసు కోత యంత్రం అంతకంటే పెద్దది కోయదు. 'పేక చేతి నూలు, పడుగు మిల్లు నూలు.' రెండు వరసలు మింగుతుంది. అక్షరం తగ్గించకుండా పట్టదు.

"పట్టదు" అన్నాను.

"ఇన్నావా!" అన్నాడు బావ.

"రెండు వరసలు తీసీస్తే పడతాది."

"ఏ వరసలు?"

"'రాట్నం మీద వడికినది' అన్నది ఒకటి. పేక చేతి నూలు అన్నాక అది మళ్లీ ఎందుకు? రెండోది 'తరతరాల ఆప్యాయత'."

"అదే కదరా అసలు వరస!"

అప్ప పెద్దగా నవ్వింది. ఎదురింటి ఆవిడా నవ్వింది. బావ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చివరికి, "ఈడి స్కేలు తగలెయ్య" అంటూ తనూ నవ్వాడు. ఆ నవ్వును నేను పూర్తిగా నమ్మలేదు. తిరుగు బండిలో నమూనా నా సంచీలోనే పెట్టుకున్నాను. అచ్చుకి ఫైలు నేనే పంపాను, వచ్చిన కట్టల్ని నేనే విప్పి చూశాను, కొట్లో గుడ్డకి కట్టినవి కూడా మధ్యమధ్యలో తిరగేసి చూశాను.

కొట్లో అమ్మకం ఎలా ఉందో చూద్దామని ఒక మధ్యాహ్నం మూల స్టూలు మీద కూర్చున్నాను. ఒకావిడ గుడ్డ పట్టుకుని లేబులు మీద బొటనవేలు రాసింది, చదవలేదు. అలాగే కొనేస్తుందనుకున్నాను. అక్షరం తన పని తను చేసేస్తోంది, దానికి మాటలతో పని లేదు అనిపించి చిరాకేసింది. ఇంతలో ఆమె ఆగి, "పడుగంటే ఏటండీ?" అంది. బావ గుడ్డను వెలుతురుకి ఎత్తి పట్టుకుని నిలువు ఏదో అడ్డం ఏదో వేలు పెట్టి చూపించాడు. ఈ పోగు పొందూరుది, ఈ పోగు మిల్లుది అని అంత ఉత్సాహంగా చెబుతుంటే, అదేదో మొదటి నుంచీ తన ఆలోచనే అన్నట్టుంది. ఆమె కొన్నది. నిజం విని కొన్నదా, అతని మాటతీరు చూసి కొన్నదా అని నేను ఇంటికి నడుస్తూ చాలాసేపు తూచాను. తేలలేదు.

నాకు తేలవలసింది అది కాదు కూడా, అప్ప అరుగు సంగతి. ఆ నెలలోనే మళ్లీ పొందూరు వెళ్లాను. లేబులు నాకంటే ముందే వెళ్లిపోయింది. ఎవరి ఇంటికో కొన్న గుడ్డతో వచ్చి, వీధంతా చేతులు మారుతోంది. అరుగు మీద ముగ్గురు నలుగురు ఆడవాళ్లున్నారు. ఎదురింటి ఆవిడ దాన్ని పైకి చదివింది. 'అప్ప చేతి నూలు' ఆగకుండా దాటేసింది. 'పడుగు మిల్లు నూలు' దగ్గర ఆగి, మళ్లీ చదివింది.

"మిల్లు అని నీ సేతి పక్కనే ఏసుకున్నావేటి వదినా?"

"మరి ఎక్కడేసుకోవాల? ఈపు మీదా?"

ఎవరూ నవ్వలేదు. అప్ప రాట్నం తిప్పుతూనే ఉంది. నేను ఆమె మొహం కాదు, మిగతావాళ్ల చేతులు చూస్తున్నాను. ఒకామె ఒళ్లో చిలప ఉంది. చూపించడానికే తెచ్చింది, ఇంకా ఇవ్వలేదు. చెంగులో సగం కప్పుకుంది. ఇంటికి తీసుకుపోతుందా అని చూస్తున్నాను. ఆమె లేచింది. చెప్పులవైపు రెండడుగులు వేసినట్టే అనిపించింది. తర్వాత వంగి చిలపను అప్ప ఒళ్లో పెట్టింది.

మొహమాటానికి పెట్టిందేమో. ఎదురుగా తమ్ముడు కూర్చున్నాడని పెట్టిందేమో. అలా అనుకుంటూనే ఉన్నాను.

అప్ప ఒక పోగు లాగింది. కింది పెదవి మీద జార్చింది. సగం దాకా వచ్చి ఆగి, చిలపను ఆమె చేతిలో తిరిగి పెట్టింది.

"గరుకున్నాది. ఎల్లి మళ్లీ వడుకు."

ఆమె చిలప చెంగులో చుట్టుకుని, చెప్పులేసుకుని ఇంటికి వెళ్లిపోయింది, మళ్లీ వడకడానికి.